తువ్వాలు కింద చెయ్యి

సైకాలజీ చదివి ఉద్యోగాల్లో చేరబోతున్న పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికొచ్చారు. "మేడం, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయని నాకు పెద్దగా నమ్మకం లేదు. రిటైరై ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఇంట్లో కూర్చుని పళ్ళు కొరుక్కోవడం అలవాటైపోతోంది. అంతకంటే రాయడం మేలు. తీపి కబుర్ల కోసం చూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మెట్ల కింద గది

మదనపల్లెలో ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో పనిచేశాను. వారానికోసారి పుంగనూరులో, నెలకోసారి కుప్పంలో క్యాంపు. నాకిచ్చిన గది మెట్ల కింద ఉండేది. ఒక బల్ల, రెండు కుర్చీలు. గోడకున్న అద్దం మాత్రం నేనే కొని తగిలించుకున్నాను. "మేడంగారు బ్యూటీ పార్లర్ పెట్టినారు" అని నర్సులు నవ్వుకునేవాళ్ళు.

ఆ అద్దం టిక్స్ ఉన్నవాళ్ళ కోసం. కళ్ళు టపటపా కొట్టుకోవడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం, గొంతులో ఏదో చప్పుడు చేయడం. మనవైపు జనం వీటిని చేష్టలంటారు, అంటే కావాలని చేస్తున్నారనే లెక్క. కావాలని చేసేవి కావు. లోపల ఒక ఇబ్బంది మొదలవుతుంది, ఆ కదలిక వచ్చేస్తేగానీ అది తీరదు. తుమ్ము వచ్చేముందు ముక్కులో ఉంటుందే, అలాంటిది. "ఆపుకో" అని బిడ్డను కసిరే తండ్రిని, ఒక తుమ్ము ఆపుకుని చూపించమని అడగాలనిపించేది. చాలాసార్లు అడిగాను కూడా.

మా వైద్యం చెప్పడానికి చాలా తేలిక. కదలిక ఎప్పుడొస్తోందో ముందు మనిషి తానే కనిపెట్టాలి. దానికి అద్దం. తర్వాత, దానికంటే ముందొచ్చే ఆ ఇబ్బందిని కనిపెట్టాలి. అది మొదలవగానే, ఆ కదలికకు చోటివ్వని మరో పని నెమ్మదిగా చేసి, ఇబ్బంది తగ్గేదాకా అలాగే పట్టి ఉంచాలి. మెడ విదిలించేవాడు గడ్డం కొంచెం కిందికి దించి మెడను నిలబెడతాడు. గొంతు చప్పుడు చేసేవాడు ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకుంటాడు. అంతే. చేయడానికి మాత్రం నెలలు పడుతుంది. జబ్బు పూర్తిగా పోతుందని ఎవరికీ మాటివ్వకండి. తగ్గుతుంది, మళ్ళీ కొన్నాళ్ళు పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. ఈ మాట చెబితే సగంమంది రెండోసారి రారు. రెండోసారి వచ్చినవాళ్ళలో ఒకడు రెడ్డెప్ప.

అబద్ధమాడిన చెయ్యి

తొంభైల మధ్యలో పుంగనూరు క్యాంపుకి వచ్చాడు. ఇరవై దాటిన కుర్రాడు, భుజాన తువ్వాలు, కుడిచెయ్యి జేబులోంచి తీయడు. వెంట తల్లి చెంగమ్మ, తండ్రి గంగులప్ప. గంగులప్ప పశువుల సంతలో దళారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరం కుదిర్చే మనిషి. ఆ సంతలో ఆయన మాటంటే మాటే.

ఆ బేరం ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకు చెప్పాలి. ధర నోటితో చెప్పరు. దళారి, రైతు, ఒక్కోసారి ఇద్దరు దళారులే, కుడిచేతులు కలుపుతారు, మీద తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు పట్టుకుని, నొక్కి, ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తున్నా ఏ అంకె నడుస్తోందో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. సాక్షి ఉండడు, కాగితం ఉండదు. రెడ్డెప్పకేమో కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఉన్నట్టుండి ఎగురుతాయి. చిన్నప్పుడు కళ్ళు కొట్టుకునేవట, తర్వాత భుజం ఎగిరేదట, అవి పోయి ఇది వచ్చింది. టిక్స్ తీరే అంత, చోటు మారుస్తుంటాయి. ఎవరూ పట్టించుకోలేదు. తండ్రి వాడిని తనతోపాటు బేరాల్లోకి దించిన తర్వాత గొడవ మొదలైంది.

ఒక జత ఎద్దుల బేరంలో రెడ్డెప్ప ఒక ధర నొక్కాడు, అంతలో వేళ్ళు ఎగిరాయి. రైతు ఆ ఎగిరినదాన్ని కూడా కలిపి లెక్కేసుకున్నాడు. తువ్వాలు తీశాక చెరొక ధర చెప్పారు. ఆ రైతు బి.కొత్తకోట నుంచి ఎద్దులు తోలుకొచ్చినవాడు, మాట పడే రకం కాదు. సంతలో అందరి ముందర రెడ్డెప్ప చొక్కా పట్టుకున్నాడు. తర్వాత మరో బేరంలోనూ ఇదే జరిగింది. ఇక దొంగ అన్నారు.

"దళారి నోరు అబద్ధమాడొచ్చు మేడం, చెయ్యి ఆడకూడదు" అన్నాడు గంగులప్ప. "మా నాయన కాలం నించీ ఈ చెయ్యి మీద బతుకుతాండాము. వీడు మా చేతికి మచ్చ తెచ్చిపెట్టినాడు. తాయెత్తు కట్టిస్తి, మొక్కుకుంటి, కొడితి కూడా. ఏం పాపం చేసినానో నాకే తెలీదు."

కొడుకు పక్కనే కూర్చుని వింటున్నాడు. నేను అతణ్ణి అడిగాను, నీకేం కావాలని.

"నాకు వేరే పని యాల మేడం? గొడ్డును సూస్తే దాని పండ్లు లెక్కబెట్టకుండానే వయసు సెప్తా. నాకు ఈ పనే తెలుసు. సంతలో నా చెయ్యి పట్టుకుంటే సాలు."

నా ఉద్యోగంలో ఇంత స్పష్టంగా తన అవసరం చెప్పిన మనిషిని మళ్ళీ చూడలేదు. ఆ ఒక్క మాట మీద నేను పని మొదలుపెట్టాను.

పెద్ద డాక్టరుగారు

మొదలుపెట్టడానికి మాత్రం మా పెద్ద డాక్టరుగారు ఊరికే ఒప్పుకోలేదు. మా విభాగానికి ఆయనే అధిపతి. చెడ్డమనిషి కాదు, కానీ చీటీ మీద మందు రాయకుండా రోగిని పంపితే ఆయనకు అన్నం సహించేది కాదు. "మాటలతో వేళ్ళు ఆగుతాయా అమ్మా? మీరు కబుర్లు చెబుతూ కూర్చుంటే బయట క్యూ ఎవరు చూస్తారు?" అని రెడ్డెప్పకు బిళ్ళలు రాశారు. అవి పనిచేయలేదని తండ్రి అంటే మోతాదు పెంచారు. మళ్ళీ పెంచారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే అదే.

మందులకు నేను వ్యతిరేకిని కాను, ఇది రాసిపెట్టుకోండి. కొందరికి మందు కావాలి, తగుమాత్రం ఇస్తే మేలు చేస్తుంది. రెడ్డెప్పకు ఇచ్చింది మేలు చేసే మోతాదు కాదు. నోటి చివర చొంగ కారేది. నడిస్తే చేతులు ఊగేవి కావు. వేళ్ళు ఎగరడం తగ్గింది నిజమే, వేళ్ళు మాట్లాడటమూ మానేశాయి. తువ్వాలు కింద వాడి చెయ్యి పట్టుకున్న రైతు "ఏమప్పా, కట్టె చేతికిచ్చినావు" అని విదిలించేశాడట. పెద్ద డాక్టరుగారు మాత్రం చీటీలో బాగుపడ్డాడని రాశారు.

నేను ఆయన గదికెళ్ళి పోట్లాడాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "సరే, మోతాదు తగ్గిస్తాను. ఇక వాడు మీ రోగి. మళ్ళీ నా దగ్గరికి ఏడుస్తూ రావద్దు" అన్నారు. మెల్లమెల్లగా తగ్గించారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. తర్వాత కొన్నాళ్ళకు తిరుపతిలో డాక్టర్ల సమావేశం జరిగితే, అక్కడ ఈ రెడ్డెప్ప కథే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు, తన బిళ్ళలతో నయమైనట్టు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. కాఫీ తాగేటప్పుడు "బాగా వచ్చింది కదమ్మా" అని నన్నే అడిగారు. నేనేమన్నానో ఇక్కడ రాయడానికి లేదు.

చెంగమ్మ పాఠం

మదనపల్లెలో నా గదికి రప్పించి అద్దం ముందు కూర్చోబెడితే రెడ్డెప్ప మొదట బిత్తరపోయాడు. తన చెయ్యి అన్నిసార్లు ఎగురుతోందని అతనికే తెలియదు. కుడిచెయ్యి ఎగిరినప్పుడల్లా ఎడమచెయ్యి ఎత్తమన్నాను. కొన్ని వారాలు పోయాక ఒకరోజు ఎగరకముందే ఎడమచెయ్యి ఎత్తాడు.

"వస్తాండాది మేడం. వేళ్ళ మొదట్లో జిల. సీమ పాకినట్ల ఉండాది."

ఆరోజు నాకు కలిగిన సంతోషం జీతం పెరిగిననాడు కూడా కలగలేదు.

జిల మొదలవగానే చేయాల్సిన పని దగ్గర చిక్కొచ్చింది. మా పుస్తకం ప్రకారం వేళ్ళు ఎగిరేవాడు పిడికిలి బిగించాలి. నేను అదే చెప్పాను. రెడ్డెప్ప నవ్వాడు, మొదటిసారి. "మేడం, తువ్వాలు కింద పిడికిలి మూస్తే ఇంక బేరం లేదు, లేసిపో అని అర్థం." నేనూ నవ్వాను. వేళ్ళు నొక్కకూడదు, ముడవకూడదు, ఏది చేసినా అది ఒక మాటైపోతుంది. ఇద్దరం కూర్చుని వెతికాం. చివరికి మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బిగబట్టి, ఊపిరి మెల్లగా వదలడం కుదిరింది. ఆ పట్టులో వేళ్ళు ఎగరవు, ఎదుటివాడికి ఏమీ తెలియదు.

ఇక ఇంట్లో రోజూ ఎవరో ఒకరు అతని చెయ్యి పట్టుకుని, తువ్వాలు కప్పుకుని, నిజం బేరంలాగే అభ్యాసం చేయించాలి. గంగులప్పకు చెప్పాను. "సంతలో పట్టుకునే చెయ్యి ఇంట్లో యాల పట్టుకోవాల మేడం?" అన్నాడు. ఒకరోజు పని ఉందన్నాడు, ఒకరోజు ఒంట్లో బాగలేదన్నాడు. అసలు సంగతి భయం. కొడుకు చెయ్యి తగిలితే తన చెయ్యి చెడిపోతుందన్నట్టు.

అప్పుడు చెంగమ్మ ముందుకొచ్చింది. ఆ వేళ్ళ భాష ఆడవాళ్ళకు నేర్పరు, మగవాళ్ళు నేర్చుకోవాల్సిన విద్య అది. "నాకు నేర్పించురా" అని కొడుకునే అడిగింది. ఒక సాయంత్రం క్యాంపు ముగించుకుని వాళ్ళింటికెళ్ళాను. పంచలో తల్లీకొడుకులు ఎదురుబొదురుగా కూర్చున్నారు, చేతుల మీద తువ్వాలు. వాకిట్లో కట్టేసిన తమ బర్రెకే బేరమాడుతున్నారు.

"ఆ ధరకు తోక కూడా రాదు పోప్పా" అంటోంది చెంగమ్మ.

"ఇది పూటకు ఎన్ని పాలిస్తాదో తెలిసే సెప్తాండావా అవ్వా?"

"అవ్వంట! ఈ దళారికి మర్యాద తెలీదు" అని తువ్వాలు కిందనే వాడి వేలు మెలిపెట్టింది. అంత నవ్వులోనూ చెయ్యి కదలలేదు. గంగులప్ప లోపల మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు.

సంతరోజు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో గెలిచాడు. రచ్చలో గెలవడానికి ఒక్కటే దారి. గంగులప్ప అందరూ చూస్తుండగా కొడుకు చెయ్యి పట్టుకుని ఒక్క బేరం చేస్తే చాలు. ఆ సంతలో గంగులప్ప పట్టుకున్న చేతిని ఎవడూ కాదనడు. ఇది నేను ఆయనకు విడమరిచి చెప్పాను. చెంగమ్మ చెప్పింది. తల ఊపాడు.

ఆ సంతకు నేనూ వెళ్ళాను. పేడ, దుమ్ము, బీడీ పొగ మధ్యన చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడ్డ నన్ను ఎద్దులతో సహా అందరూ చూశారు. రెడ్డెప్ప తలకు నూనె రాసుకుని, ఉతికిన తువ్వాలు వేసుకుని వచ్చాడు. తండ్రి పక్కన నిలబడ్డాడు. ఒక ఆవు బేరం వచ్చింది. గంగులప్ప అమ్మేవాడి తరఫున ఉన్నాడు. కొనేవాడి తరఫున రెడ్డెప్ప చెయ్యి చాచాడు.

గంగులప్ప ఆ చేతివైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళవైపు చూశాడు. చూసి, పక్కనున్న వేరే దళారి చెయ్యి అందుకుని తువ్వాలు కప్పేసుకున్నాడు.

ఎవరో అన్నారు, "కన్ననాయనే పట్టుకోల్యా, మనమెట్ల పట్టుకునేది?" ఆ మాట సంత అంతా తిరిగింది. రెడ్డెప్ప మధ్యాహ్నందాకా నిలబడ్డాడు. ఎవరూ తువ్వాలు కప్పలేదు. నేను గంగులప్ప దగ్గరికెళ్ళి ఎందుకిలా చేశావని గట్టిగానే అడిగాను. "మేడం, మీరు ఈపొద్దు వస్తారు, రేపు పోతారు. నేను ఈడ బతకల్ల" అన్నాడు.

బస్టాండులో రెడ్డెప్ప నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. "సెయ్యి నిలబడింది మేడం. పట్టుకునేవాడే లేడు" అన్నాడు. ఏడవలేదు. నేనే ఏడ్చాను, బస్సు కదిలాక. తర్వాతి నెలలోనే మేనమామ దగ్గరికి కుప్పం వెళ్ళిపోయి పాలవ్యాను తోలడం మొదలుపెట్టాడు. గంగులప్పను నేను ఇవాళ్టికీ క్షమించలేదు. క్షమించడం ఆరోగ్యానికి మంచిదని రోగులకు చెప్పే ఉద్యోగం చేశానుగానీ, అది వాళ్ళకోసం.

ముందు బడికి పొండి

ఆ తర్వాత నా పద్ధతి మారింది. టిక్స్ ఉన్న బిడ్డ వస్తే అద్దం ముందు కూర్చోబెట్టడానికంటే ముందే బడికి వెళ్ళేదాన్ని. గుడుపల్లె దగ్గర ఒక పిల్లవాడు గొంతులో కుక్కుమని చప్పుడు చేసేవాడు, తరగతిలో వాడిని కోడి అని పిలిచేవాళ్ళు. అయ్యవారు నవ్వు ఆపకపోగా తానూ నవ్వేవాడు. ఆయనతో తగవుపడి, తరగతిలో నిలబడి, వాడికొచ్చే చప్పుడు మీకొచ్చే తుమ్ములాంటిదని పిల్లలకు చెప్పాను. పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. వాళ్ళు చూడటం మానేశారు. చూడటం మానేశాకే వాడి అభ్యాసానికి పట్టు దొరికింది.

మా చదువులో ఇది ఉండదు. రోగి ఒక్కడినే కుర్చీలో కూర్చోబెట్టి, అతని వేలును మాత్రమే చూడమని నేర్పిస్తారు. ఆ వేలు పట్టుకోవాల్సిన రెండో చేతికి వైద్యం ఎవరూ రాయలేదు. ఊరంతటికీ అభ్యాసం చేయించడానికి ఏ ఆసుపత్రీ జీతం ఇవ్వదు. బడికెళ్ళిన రోజులు నాకు సెలవు కింద రాసేవాళ్ళు.

కుప్పంలో చివరి క్యాంపు

నా చివరి క్యాంపు కుప్పంలోనే జరిగింది. అప్పటికే తెలుసు, నా స్థానంలో ఎవరినీ వేయడం లేదని, కుప్పం క్యాంపు నాతోనే ఆగిపోతుందని. మెట్ల కింద గదిలో సెలైన్ పెట్టెలు పెట్టుకుంటామని ముందుగానే కొలతలు తీసుకున్నారు. అద్దం తీసుకుపొమ్మన్నారు, దాన్ని నాతోపాటే కుప్పం తెచ్చాను.

వరండాలో క్యూ చూస్తుంటే రెడ్డెప్ప కనిపించాడు. అదే ఊళ్ళో ఉన్నా ఇన్నేళ్ళలో ఒక్కసారీ క్యాంపుకి రాలేదు. ఒళ్ళు చేసింది, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. పక్కన కూతురు గౌరి, రెండో తరగతి. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసి తెరుస్తోంది, మధ్యమధ్య మెడ విదిలిస్తోంది. నేను అడగకముందే అర్థమైంది. టిక్స్ కొన్ని ఇళ్ళలో అలా దిగుతాయి.

ఆ తండ్రీకూతుళ్ళ చేతుల మీద తువ్వాలు ఉంది. వరసలో విసుగు పుట్టకుండా బేరమాడుకుంటున్నారు. గౌరి గంభీరంగా ముఖం పెట్టి నాన్న వేళ్ళు లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి తల ఎత్తి అంది:

"నాయనా, నీ వేలు ఎగిరింది. మళ్ళీ సెప్పు."

రెడ్డెప్ప మోచేతిని పక్కకు ఆనించి, ఊపిరి వదిలి, మళ్ళీ చెప్పాడు. ఆ పిల్ల సరైన అంకె పలికింది.

అంతే కావలసింది. "వేలు ఎగిరింది, మళ్ళీ సెప్పు." పుంగనూరు సంతలో ఇన్నాళ్ళలో ఒక్క మొనగాడు ఆ మాట అని ఉంటే రెడ్డెప్ప ఇవాళ దళారిగా ఉండేవాడు. కన్నతండ్రి నోటికి రాని మాట రెండో తరగతి పిల్ల నోటికి వచ్చింది.

లోపలికి వచ్చి కూర్చున్నాక రెడ్డెప్ప చెప్పాడు. "బళ్ళో దీన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టినారు మేడం. మా నాయన సూసి, నీ పీడే దానికీ పట్టింది అన్నాడు. మా అమ్మ ఆయన్ను తిట్టి, నన్ను మీ దగ్గరికి పొమ్మనింది. ఈ చేష్ట తగ్గించమని రాలేదు మేడం. ముందు దాని బడికి రండి."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. టీచరు వినలేదు, సగమే విన్నది. తరగతి పిల్లలు పూర్తిగా విన్నారు. తిరిగొచ్చి గౌరిని అద్దం ముందు కూర్చోబెట్టి, కన్ను మూసుకున్నప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. ఆ పిల్లకు అది ఆటలాగా ఉంది. వెళ్ళేటప్పుడు అద్దం వాళ్ళకే ఇచ్చేశాను. రెడ్డెప్ప దాన్ని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు తీసుకురావాల మేడం?"

ఎవరి దగ్గరికి తీసుకురమ్మని చెప్పను? ఇంటికి ఫోన్ చెయ్యమన్నాను, అతను తల ఊపి వెళ్ళిపోయాడు. అనుభవాలు రాయమని అడిగిన పిల్లలారా, నా అనుభవమంతా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మీలో ఎవరి దగ్గరైనా దానికి జవాబు ఉంటే నాకు చెప్పనక్కర్లేదు. కుప్పం పొండి. ఆ పిల్ల మూడో తరగతికి వచ్చి ఉంటుంది.